అద్దాల బండి కేసు

అద్దాలక్కకి ఆ పేరు పెట్టింది వీధి. అద్దం కొయ్యడంలో ఆమె చెయ్యి అలాంటిది. వజ్రపు మొనతో ఒక్క గీత గీసి, కింద వేలితో చిన్నగా తడితే చాలు, పలక చెప్పినమాట విన్నట్టు రెండుగా విడిపోయేది. ఆమె మొగుడు మాత్రం కొలతలకని వెళ్ళి, ఆ ఇంటివాళ్ళతో ఊసులాడి, కొలత తప్ప మిగతావన్నీ గుర్తు పెట్టుకుని వచ్చే రకం. అందుకని కొట్టులో ఆమే మేస్త్రీ. అతను బండి తోలేవాడు. ఆమె తమ్ముడు బరువులు మోసేవాడు.

"నా కొట్లో నాది రెండో స్థానం అనుకునేవాణ్ణి. బావమరిది వచ్చాక మూడోదైంది" అనేవాడు మొగుడు, వచ్చినవాళ్ళందరితో.

తమ్ముడు నవ్వేవాడు కాదు. వాడికి మాటలు తక్కువ, కోపం ఎక్కువ. అమ్మా నాన్నా పోయాక అక్క చంకన పెరిగాడు. ఆమె పెళ్ళయినా చెయ్యి వదల్లేదు. బావ ఒక్కనాడూ విసుక్కోలేదు. అందుకే వాడికి లోకంలో ఉన్న మనుషులు ఇద్దరే.

ఆ రోజు ఒక వ్యాయామశాలలో గోడంత అద్దాలు బిగించాలి. తమ్ముడు పలకల్ని వ్యానులో చట్రానికి ఆనించి నిలబెట్టాడు. మధ్య మధ్య గోనెపట్టాలు దూర్చాడు. తాళ్ళు లాగి ముళ్ళు వేసి, బండి వీపు మీద చరిచాడు. "పోనీ బావా, నేను వెనకాలే మోటారు సైకిలు మీద వస్తా."

పెద్ద కూడలి దగ్గర ఎర్రదీపం పడింది. మొగుడు బండి ఆపాడు. ఆపి, వ్యాయామశాల యజమాని కండలు చూపిస్తూ ఎలా నడుస్తాడో భుజాలు ఎగరేసి చేసి చూపించాడు. అద్దాలక్క పకపకా నవ్వింది. ఆ నవ్వు నోట్లో ఉండగానే వెనకనుంచి ఒక హారన్ వినిపించింది. ఆపకుండా, ఎవరో అరుస్తున్నట్టు మోగింది. అతను పక్క అద్దంలోకి చూశాడు. "వీడేంటి, ఆగడే" అన్నాడు.

అదే ఆఖరి మాట.

కంటైనర్ లారీ బండిని వెనకనుంచి గుద్ది, తోసుకుంటూ కూడలి దాటించి, దీపస్తంభానికి వేసి నొక్కింది. అద్దాలక్క వైపు తలుపు కాగితంలా ముడుచుకుపోయి ఆమె ఎడమకాలిని మధ్యలో పెట్టుకుంది. ఎముక విరిగిన చప్పుడు ఆమె విన్నది. నొప్పి మాత్రం ఇంకా రాలేదు. దానికంటే ముందు వెనక రేకు చీల్చుకుని అద్దాలు వచ్చాయి. ఒక పెద్ద పెంకు మొగుడి మెడలో దిగి అక్కడే నిలబడింది. అతను ఆమె వైపు తిరగబోయాడు. తిరగకుండా ఉంటే బావుండేది. నెత్తురు ముందరి అద్దం మీదికి చిమ్మింది. ఆమె రెండు చేతులూ అతని మెడ చుట్టూ వేసి నొక్కింది. పెంకు అంచు ఆమె అరచేతుల్ని కూడా కోసేసింది. ఇద్దరి నెత్తురూ ఏది ఎవరిదో తెలియకుండా ఆమె ఒడిలోకి కారింది. అతని కళ్ళు ఆమెనే చూస్తున్నాయి. కాసేపటికి చూడ్డం మానేశాయి.

తమ్ముడు వచ్చి తలుపు పీకాడు. ఇనుప తలుపుని వట్టి చేతులతో. గోళ్ళు ఊడి వచ్చాయి గానీ తలుపు రాలేదు. వాడు అలా పీకుతూ, పీకుతూ, పశువులా రంకెలు వేస్తూనే ఉన్నాడు.

ఆసుపత్రిలో ఆమె కాలు మోకాలి పైకంటా తీసేశారు. మొగుణ్ణి ఆమె లేకుండానే సాగనంపారు. లేచి కూర్చోగలిగే వేళకి వీధివాళ్ళు ఒక లాయర్ని వెంటబెట్టుకొచ్చారు. లారీ ప్రమాదాల్లో దెబ్బతిన్నవాళ్ళ కేసులే ఆయన పట్టేది. లావుపాటి మనిషి, గొంతు ఇంకా లావు. కోర్టులో ఆయన్ని మైకు లాయరంటారు. ఆయన పలకరిస్తే వార్డులో మత్తులో ఉన్నవాళ్ళు కూడా కళ్ళు తెరిచారు.

"ఏమనుకోకమ్మా, మా ఆవిడకి చెవుడు. ఇంట్లో అలవాటైన గొంతు బయట మారదు" అన్నాడు. తర్వాత, తన వరకూ గొంతు తగ్గించి, "నీ కాలు నేను తేలేను, నీ మనిషినీ తేలేను. వాళ్ళ చేత మాత్రం నిజం కక్కిస్తాను. అది కూడా చులాగ్గా కాదు. లారీ వెనక కంపెనీ ఉంటుంది, కంపెనీ వెనక ఇన్సూరెన్సు ఉంటుంది, ఇద్దరి వెనకా నాలాంటి లాయర్లు పది మంది ఉంటారు" అన్నాడు.

తమ్ముడు గోడకి ఆనుకుని ఉన్నాడు. "డ్రైవరెక్కడున్నాడు?" అని అడిగాడు.

"బెయిలు మీద బయట ఉన్నాడు. లారీ మాట వినలేదంటాడని అనుకున్నా. అదేమీ అనలేదు, మీ బండే దారి మధ్యలో ఠక్కున ఆగిందన్నాడు. ఆ మాట వాడిది కాదు, ఎవరో నోట్లో పెట్టారు."

"వాడి నోరేదో నేను చూసుకుంటా" అన్నాడు తమ్ముడు.

"నువ్వేం చూడొద్దు నాయనా. కూర్చో" అన్నాడు లాయరు. వాడు కూర్చోలేదు.

కేసు వేశాక లారీ కంపెనీ జవాబు వచ్చినరోజు అద్దాలక్క తమ్ముణ్ణి వెంటబెట్టుకుని చంకకర్రల మీద లాయరు ఆఫీసు మెట్లెక్కింది. టైర్ల కొట్టు మీద చిన్న గది. రబ్బరు వాసన, కుర్చీల నిండా కాగితాలు. లాయరు చదువుతూ చదువుతూ ఒకచోట ఆగాడు. ఆయన గొంతు మొదటిసారి చిన్నదైంది.

"ఇదేదో కొత్త ఎత్తు. చంపింది లారీ కాదట, అద్దమట. అద్దాల్ని సరిగ్గా కట్టి ఉంటే మనిషి బతికేవాడట. కట్టినవాళ్ళ నిర్లక్ష్యమే చావుకి కారణమట."

అద్దాలక్క తల తిప్పి తమ్ముణ్ణి చూసింది. వాడి మొహంలో నెత్తురు చుక్క లేదు. చేతులు రెండూ ముందుకు పెట్టుకుని, అవి ఎవరివో అన్నట్టు చూసుకుంటున్నాడు. ఆ ముళ్ళు వేసినవి ఆ చేతులే. ఆమె "ఒరేయ్" అనేలోగా వాడు మెట్లు దిగిపోయాడు. కింద మోటారు సైకిలు కీచుమంది.

ఆమెకి అర్థమైపోయింది. డ్రైవరు ఇల్లు లారీల అడ్డా వెనక రేకుల ఇళ్ళలో ఉందని వీధిలో ఎవరో చెప్పగా తమ్ముడు విన్నాడు. ఆమె ఆటో ఎక్కి "తొందరగా, తొందరగా" అంటూనే ఉంది. దిగేసరికి ఎండ మండిపోతోంది. అడ్డాలో లారీలు వరసగా నిలబడి ఉన్నాయి గానీ మనిషి అలికిడి లేదు. రెండు లారీల మధ్య సందులోంచి తడిబట్ట బండకేసి బాదుతున్నట్టు చప్పుడు వస్తోంది.

బట్ట కాదు. మనిషి. డ్రైవరు లారీ చక్రానికి చేరగిలబడి ఉన్నాడు. తమ్ముడు తలమీది హెల్మెట్ తియ్యలేదు. ఎడమచేత్తో డ్రైవరు జుట్టు పట్టుకుని కుడిపిడికిలితో దవడ మీద గుద్దుతున్నాడు. గుద్దిన ప్రతిసారీ డ్రైవరు తల వెనక ఉన్న చక్రపు బోల్టులకి తగులుతోంది. కిందిదవడ ఒక పక్కకి జారిపోయింది. పళ్ళు నెత్తుట్లో కలిసి గడ్డం మీదినించి జారుతున్నాయి. తమ్ముడు ఒకే మాట అంటున్నాడు, "ఎవరు చంపార్రా? చెప్పు, ఎవరు చంపారు?" ఆ ప్రశ్న ఎవర్ని అడుగుతున్నాడో ఆమెకి తెలుసు.

చంకకర్రలు పారేసి ఆమె ఒంటికాలి మీద గెంతి ఇద్దరి మధ్యా పడింది. ఎత్తిన పిడికిలి ఆమె భుజం మీద దిగింది. అప్పుడు గానీ వాడు ఆగలేదు.

"చచ్చాడేమో చూడు" అన్నాడు, హెల్మెట్ లోపల్నుంచి.

చావలేదు. ముక్కులోంచి నెత్తుటి బుడగలు వస్తున్నాయి. ఆమె తమ్ముణ్ణి "పో, కళ్ళ ముందునుంచి పో" అని తరిమేసి, అడ్డా గేటు దాకా పాకుతూ వెళ్ళి కేకలు వేసింది. మనుషులు వచ్చారు. పోలీసులూ వచ్చారు. "నువ్వు వచ్చేసరికి ఎవరున్నారు?" అని అడిగారు. "ఎవరూ లేరు" అంది. ఆ రెండు ముక్కలూ నోట్లోంచి ఎంత నున్నగా జారిపోయాయో ఆమెకే వింతగా అనిపించింది.

ఇంటికి వచ్చి తమ్ముడి చెంప పగిలేలా కొట్టింది. చిన్నప్పుడు కూడా కొట్టని చెంప అది. వాడు రెండో చెంప తిప్పలేదు, చెయ్యి అడ్డం పెట్టలేదు. "నేను కట్టిన తాడేనా అక్కా బావని చంపింది?" అన్నాడు.



మైకు లాయరు మర్నాడు పోలీసుల నోట అడ్డా సంగతి విని ఆమెని పిలిపించాడు. ఆమె మొహంలోకి చూసి, తలుపు వేశాడు.

"అమ్మా, నాకు ఏదన్నా చెప్పాలనుంటే ముందు నేను చెప్పేది విను. మన కేసు డ్రైవరు నాలిక మీద ఉంది. ఆ లారీ బ్రేకుల సంగతి, ఎవరు పొమ్మన్నారన్న సంగతి తెలిసినవాడు అతనొక్కడే. కంపెనీ వాడు లారీని అప్పుడే ముక్కలు చేసి ఇనుముకి అమ్మేశాడు. ఇక రెండోది. నువ్వు బోనెక్కుతావు. అడ్డాలో ఏం చూశావని వాళ్ళ లాయరు అడుగుతాడు. అడక్కుండా ఉండడు, నేనైనా అడుగుతాను. నా క్లయింటు చేత అబద్ధమాడించను. అబద్ధం చెప్తానంటే ఇప్పుడే చెప్పు, మంచి లాయర్లు చాలామంది ఉన్నారు."

"డ్రైవరు మాట్లాడతాడా?"

"దవడకి తీగలు కట్టారు. మాట్లాడినా మనకోసం ఎందుకు మాట్లాడతాడు? లారీ ప్రమాదమంటే కింద పడ్డవాడే గుర్తొస్తాడు గానీ, పైన కూర్చున్నవాణ్ణి ఎవరు తలుస్తారు? అతనికీ ఆరోజు పక్కటెముకలు విరిగాయి. కంపెనీ వాడు చూడ్డానిక్కూడా రాలేదు. ఇప్పుడు మనవైపునుంచి ఎవరో వచ్చి మిగిలిన ఎముక కూడా విరగ్గొట్టారు."

ఎవరో అన్న మాట దగ్గర ఆయన ఆగాడు. ఆమె తల వంచుకుంది.

నాలుగు రోజులు తనలో తను కొట్టుకుని, ఆమె ఒంటరిగా ఆ రేకుల ఇంటికి వెళ్ళింది. తలుపు తీసింది డ్రైవరు భార్య. ఏదో హోటల్లో గిన్నెలు తోమే మనిషి, చేతులు నీళ్ళకి నాని పాలిపోయి ఉన్నాయి. ఎవరొచ్చారో తెలిసిన మరుక్షణం చంకకర్రని ఒక్క తన్ను తన్నింది. అద్దాలక్క గడపలోనే కూలింది. పైనబడి జుట్టు పట్టుకుంది ఆ మనిషి.

"చూడ్డానికొచ్చావా? ఎంత బాగా కొట్టించావో చూసుకుందామని వచ్చావా? గొట్టంతో పోస్తున్నానే నా మొగుడికి, పాలు గొట్టంతో పోస్తున్నా!" అంటూ ఆమె తలని గడపకేసి మోదింది. అద్దాలక్క కళ్ళ ముందు నల్లబడింది. కనుబొమ చిట్లి నెత్తురు కంట్లోకి దిగింది. అయినా ఆమె చెయ్యెత్తలేదు. ఎత్తాలనిపించలేదు.

మంచం మీదినుంచి గరగరమని ఒక శబ్దం వచ్చింది. డ్రైవరు లేచి కూర్చుని, చెయ్యి ఊపుతూ భార్యని వద్దంటున్నాడు. అతని మొహం కుండలా వాచి ఉంది. తీగల మధ్యనుంచి, పళ్ళు కదపకుండా, ఒక్కొక్క మాటా నెట్టుకుంటూ అడిగాడు. "ఎందుకొచ్చావు?"

బ్రేకుల గురించి అడగాలనే వచ్చింది. దారి పొడుగునా మాటలు పేర్చుకుంది. తీరా ఆ మొహం చూశాక అవేవీ గుర్తు రాలేదు.

"నిన్ను కొట్టింది నా తమ్ముడు. నేను చూశాను. పోలీసులకి అబద్ధం చెప్పాను. అడిగినచోట నిజం చెప్తాను. అది చెప్పాలనే వచ్చా."

డ్రైవరు భార్య జుట్టు వదిలేసింది. పొయ్యి మీద ఏదో మాడుతున్న వాసన వస్తున్నా ఎవరూ లేవలేదు. చివరికి డ్రైవరే అన్నాడు. "హారన్ విన్నావా?"

"విన్నాను."

"అది తప్ప నా చేతిలో ఇంకేం లేదమ్మా" అని గోడవైపు తిరిగి పడుకున్నాడు. కోర్టుకి వస్తాననలేదు, రాననలేదు. భార్య చంకకర్ర తెచ్చి ఆమె పక్కన పడేసింది. "పో" అంది. ఆ పొమ్మనడంలో ఇందాకటి పదును లేదు.

తమ్ముడికి చెప్పడం దానికంటే కష్టమైంది. వాడు విని లేచాడు. కొట్టు వెనక నిలబెట్టి ఉన్న పలకల దగ్గరికి వెళ్ళి మొదటిదాన్ని గుద్దాడు. అది భళ్ళుమని రాలింది. రెండోదాన్ని మోచేత్తో, మూడోదాన్ని నుదుటితో. "నన్ను అమ్మేశావా? వాడికి నన్ను అమ్మేశావా అక్కా?" కొట్టంతా అద్దాలు వాన కురిసినట్టు కురిశాయి. వాడి చేతులు మోచేతుల దాకా చీరుకుపోయాయి. నుదుటినుంచి కారిన నెత్తురు వాడి కళ్ళు మూసేసింది. పగలగొట్టడానికి ఇంకేమీ మిగలక పెంకుల మధ్య చతికిలపడ్డాడు.

ఆమె పెంకుల మీదే పాకుతూ వెళ్ళింది. చీర చెంగు చింపి వాడి చేతులకి కట్టింది. "అమ్మలేదురా. నిన్ను పెంచినదాన్ని. నువ్వొకణ్ణి చంపబోయావు. నేను అడ్డం పడకపోతే చంపేవాడివి. ఆ సంగతి కడుపులో పెట్టుకుని నేను కోర్టులో నిలబడి, లారీవాడు అబద్ధం చెప్తున్నాడని ఏ మొహంతో చెప్పను?"

వాడు చాలాసేపు ఏడ్చాడు. ఆ చేతికట్లతోనే పోలీస్ స్టేషన్‌కి వెళ్ళి తన పని తనే చెప్పుకున్నాడు. అక్కని తోడు రానివ్వలేదు.

విచారణనాడు కంపెనీ లాయరు ఆమెని తడిగుడ్డ పిండినట్టు పిండాడు. మొదట తాళ్ళు. తర్వాత తమ్ముడు. "మీ తమ్ముడు ఒక అమాయకుణ్ణి చావగొట్టిన మాట నిజమేనా?" అన్నాడు, గెలిచేసినట్టు.

"నిజం. నేను చూశాను. పోలీసులకి చూడలేదని చెప్పాను, అది అబద్ధం" అంది ఆమె.

జడ్జి తల ఎత్తి ఆమెని చూశాడు.

తర్వాతి సాక్షిగా డ్రైవరు వచ్చాడు. కంపెనీవాళ్ళే పిలిపించారు, నేర్పిన మాట చెప్తాడని. భార్య అతని వెనకే వచ్చి, చేతిలో పాల క్యానుతో బల్ల మీద కూర్చుంది. తీగలు అప్పటికి తీశారు గానీ మాట ఇంకా ముద్దగానే వస్తోంది. కంపెనీ లాయరు అడిగాడు, "వ్యాను దారి మధ్యలో ఠక్కున ఆగింది కదా?"

"లేదండి. ఎర్రదీపం దగ్గర ఆగింది. నేనే ఆగలేదు. బ్రేకు తొక్కితే పెడలు నేలకి అంటుకుంది." అతను ఊపిరి పీల్చుకున్నాడు. "పొద్దున్నే చెప్పానండి షెడ్డు సూపర్‌వైజరుకి, బ్రేకు పట్టడం లేదని. తాళాలు నా మొహాన విసిరికొట్టి, సరుకు దింపి వచ్చాక చూద్దాం, లేకపోతే ఇంటికి పో అన్నాడు. ఇంట్లో తినాలి కదండీ. తోలాను. నాదీ తప్పే."

కంపెనీ లాయరు కూర్చోమన్నాడు. డ్రైవరు కూర్చోలేదు. "ఇంకోటండి. ఆ తాళ్ళ గురించి. నా బండిలో ఇనుప కడ్డీలున్నాయి. అంత బరువుతో గుద్దితే తాళ్ళు కాదు, గొలుసులైనా తెగుతాయి. ఆ కుర్రాడు ఎలా కట్టినా అంతే. నన్ను కొట్టినవాడే, అయినా ఉన్నది చెప్తున్నా."

అద్దాలక్క నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది.

బయట వరండాలో సూపర్‌వైజరు కాచుకుని ఉన్నాడు. డ్రైవరు గడప దాటగానే మీదపడి, కొత్తగా అతుక్కున్న ఆ దవడనే పట్టుకుని మెలితిప్పాడు. "ఏ నోట్రా కూసింది? ఈ నోరేనా?" డ్రైవరు ఊళ పెట్టాడు. భార్య పాల క్యాను ఎత్తి సూపర్‌వైజరు వీపు మీద వేసింది. వాడు మోచేత్తో ఆమెని గోడకేసి కొట్టాడు. అప్పుడు అద్దాలక్క గోడకి ఆనుకుని, చంకకర్రని రెండు చేతులా ఎత్తి, ఆ దవడ పట్టుకున్న మణికట్టు మీద దింపింది. ఎముక పుటుక్కుమంది. ఆ చప్పుడు ఆమె చెవులకి తీపిగా తగిలింది. మళ్ళీ కర్ర ఎత్తింది. వాడు వదిలేసి కింద పడ్డాడు, అయినా ఆమె కర్ర దించలేదు. ఈసారి తల మీద, అనుకుంటోంది. తమ్ముడి హెల్మెట్ లోపల ఆరోజు ఏం జరిగిందో ఆమెకి అప్పుడు తెలిసింది.

మైకు లాయరు "అమ్మా!" అని అరిచాడు. కోర్టు మొత్తం ఉలిక్కిపడింది. ఆమె కర్ర దించింది.

కంపెనీదే తప్పని తీర్పు వచ్చింది. పై కోర్టుకి వెళ్ళారు గానీ అక్కడా నిలవలేదు. సూపర్‌వైజరు జైలుకి పోయాడు. కంపెనీ యజమాని పోలేదు, అలాంటివాళ్ళు పోరు. డ్రైవరుకి లైసెన్సు పోయింది. అతని విరిగిన పక్కటెముకల కేసు కూడా మైకు లాయరే పట్టాడు. ఆమె కర్ర దెబ్బకి జడ్జి మందలించి వదిలేశాడు. తమ్ముడికి శిక్ష పడింది. తనంతట తను ఒప్పుకున్నందుకు కొంత తగ్గించారు.

జైల్లో మొదటి ములాఖత్తుకి ఆమె కొత్త కాలితో వెళ్ళింది. అది ఇంకా ఒరుసుకుంటోంది, అడుగుకో తిట్టు తిట్టుకుంటూ నడిచింది. జాలీకి అవతల తమ్ముడు సన్నబడి ఉన్నాడు. చేతుల మీద గాయాల మచ్చలు తెల్లగా మెరుస్తున్నాయి. తాళ్ళ గురించి డ్రైవరు చెప్పిన మాట అక్షరం పొల్లుపోకుండా చెప్పింది. వాడు జాలీకి నుదురు ఆనించి విన్నాడు.

"ఏం తింటున్నాడక్కా అతను?" అన్నాడు చివరికి.

"మెత్తటివి నములుతున్నాడట. వాళ్ళావిడ చెప్పింది."

"నువ్వు వాళ్ళింటికి వెళ్తున్నావా?"

"అప్పుడప్పుడు. ఇప్పుడు గుమ్మంలో కొట్టడం మానేసింది."

తమ్ముడికి నవ్వొచ్చింది. వెంటనే ఆ నవ్వుకి సిగ్గుపడి తల దించుకున్నాడు.

"ఈసారి వెళ్తే అతనితో..." అన్నాడు. ఆ మాట పూర్తి చెయ్యడం వాడికి చేతకాలేదు.

"చెప్తాలే" అంది అక్క.